మా ఇంటి ఆడవాళ్ళకి ఇంతే అంటున్నారు. పాపకి రక్తం గడ్డకట్టే పరీక్ష చేయించాలా?

ప్రశ్న: బొబ్బిలి అమ్మ

అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లె. ఇంట్లోనే మిషన్ కుడుతుంటాను. మా పాపకి 14 ఏళ్ళు, తొమ్మిదో తరగతి. సంక్రాంతి వెళ్ళిన పది రోజులకి పెద్దమనిషి అయింది. అప్పటినుంచి నాకు కంటి మీద కునుకు లేదు. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మొదటిసారి 9 రోజులు ఆగలేదు. రెండోసారి 12 రోజులు. స్కూల్లో ఇచ్చిన 10 ప్యాడ్లు ఒకటిన్నర రోజులో అయిపోయాయి. కొన్న ప్యాడ్లు కూడా నిలవట్లేదని నేనే మిషన్ మీద పాత నూలు చీరలు నాలుగు మడతలు వేసి పట్టీలు కుట్టి ఇచ్చాను. రాత్రి రెండుసార్లు లేపి మార్పించేదాన్ని. అయినా తెల్లారేసరికి పక్క తడిసేది. నిమ్మకాయంత గడ్డలు పడేవి. పిల్ల సిగ్గుపడి ఆ దుప్పటి తనే పెరట్లోకి తీసుకెళ్ళి ఉతుక్కునేది.

ఒక ప్రైవేటు క్లినిక్‌లో చూపిస్తే కొత్తలో అలాగే ఉంటుంది, ఏడాదికి సర్దుకుంటుంది అన్నారు. హార్మోను మాత్రలు రాశారు. కడుపునొప్పికి వేరే మాత్ర రాశారు. మూడోసారి ఐదో రోజున స్కూల్లో ప్రార్థన దగ్గర నిలబడి పడిపోయింది. విజయనగరం తీసుకెళ్తే హిమోగ్లోబిన్ 5.8 ఉంది. రెండు సీసాల రక్తం ఎక్కించారు.

అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి వరసగా అడిగింది. పాపకి ముక్కులోంచి రక్తం వస్తుందా? వస్తుందమ్మా, ఎండాకాలం వేడి చేసి వస్తుంది అన్నాను. చెవులు కుట్టినప్పుడు? రెండు రోజులు ఆగలేదు. ఒంటి మీద కమిలిన మచ్చలు? ఊరికే బల్ల తగిలినా నీలం అవుతుంది. మరి మీకు? మీ అమ్మగారికి? అప్పుడు నేను, "మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఇంతేనమ్మా" అన్నాను. ఆవిడ రాస్తున్న కలం ఆపి నా మొహం చూసింది. తర్వాత చీటీ మీద ఏదో వాన్ విల్లెబ్రాండ్ పరీక్ష అని రాసింది.

ఆ రాత్రి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని లెక్కేసుకున్నాను. మా అమ్మకి 33 ఏళ్ళకే గర్భసంచి తీసేశారు. తీసిన సాయంత్రం మళ్ళీ రక్తం పోతే రెండోసారి లోపలికి తీసుకెళ్ళారు. నాకు పాప పుట్టి ఇంటికొచ్చిన పదకొండో రోజున ఒక్కసారిగా పోయింది, ఆటోలో సీటంతా తడిసింది. నా పెళ్ళికి ముందు నెలకి నాలుగైదు రోజులు పనికి వెళ్ళేదాన్ని కాదు. ఇవన్నీ వేరువేరు సంగతులు అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇప్పుడు ఇంట్లో గొడవ. పరీక్ష చేయిస్తే ఊళ్ళో పేరు పడుతుంది, రేపు సంబంధాలు రావు అంటోంది మా అత్త. ఇది మీ పుట్టింటి రోగం అని కూడా అంది. (మాది మేనరికం, మా వారు మా సొంత మేనమామ కొడుకు.) మా వారు ఏమీ అనట్లేదు. పరీక్షకి విశాఖ పంపాలట, డబ్బు కూడా బాగానే అవుతుందట. ఇది నిజంగా ఉంటే ఏం చేస్తారు? ఆడవాళ్ళకి కూడా ఇలాంటివి వస్తాయా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు 1: పలాస అక్క

చెల్లీ, నువ్వు రాసింది చదువుతుంటే మా అమ్మ నా గురించి రాసినట్టే ఉంది. ఆ పరీక్ష చేయించు. అప్పు చేసైనా చేయించు. నాకు 41 ఏళ్ళు. వాన్ విల్లెబ్రాండ్, ఒకటో రకం. 29 ఏళ్ళకి తెలిసింది. పదహారేళ్ళు ఊరికే పోయాయి.

మన రక్తంలో వాన్ విల్లెబ్రాండ్ అనే ప్రొటీన్ ఉంటుంది. దెబ్బ తగిలిన చోట ప్లేట్‌లెట్లు అతుక్కోవడానికి అది జిగురులా పనిచేస్తుంది. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఎనిమిదో ఫ్యాక్టర్ అనే ఇంకో ప్రొటీన్‌ని కూడా పాడవకుండా పట్టుకుని ఉంటుంది. ఆ జిగురు తక్కువగా ఉన్నా, సరిగ్గా పనిచేయకపోయినా రక్తం తొందరగా ఆగదు. వంశంలో వచ్చే రక్తస్రావ జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువమందికి ఉండేది ఇదే. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ సమానంగా వస్తుంది. కాకపోతే మగవాడికి పన్ను పీకినప్పుడో, ఆపరేషన్‌కో బయటపడుతుంది. మనకి నెలనెలా పరీక్షే.

ఈ జబ్బు వైద్య పుస్తకాల్లోకి ఎక్కిందే ఒక ఆడపిల్ల వల్ల. ఫిన్లాండు డాక్టరు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ ఆలండ్ దీవుల్లో ఒక కుటుంబాన్ని చూసి 1926లో రాశాడు. ఆయన చూసేటప్పటికి ఆ పాపకి ఐదేళ్ళు, పేరు యోర్డిస్. 13 ఏళ్ళకి, నాలుగో నెలసరిలో రక్తం ఆగక చనిపోయింది. నీ పాప మూడోసారికి పడిపోయింది అని చదవగానే నాకు ఆ పిల్లే గుర్తొచ్చింది. భయపెట్టాలని కాదమ్మా. ఆ రోజుల్లో దీనికి మందు లేదు, ఇప్పుడుంది. అందుకే చెప్తున్నాను.

నా సంగతి విను. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో గింజ ఒలిచేదాన్ని. పొద్దున్న కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవకూడదు, లేస్తే తూకం తగ్గుతుంది. ఆ రోజుల్లో నల్ల లంగా కట్టి, కింద గోనె పట్టా వేసుకుని కూర్చునేదాన్ని. నా పక్కామె లేచి నీళ్ళకి వెళ్ళినప్పుడల్లా వెనక చూసి చెప్పమనేదాన్ని. 22 ఏళ్ళప్పుడు నెల మధ్యలో పొట్టలో ఒక పక్క విపరీతమైన నొప్పి వచ్చింది. అపెండిక్స్ అన్నారు, కోశారు. అపెండిక్స్ బాగానే ఉంది, పొట్టనిండా రక్తం ఉంది. అండం విడుదలయ్యే చోట మామూలుగా చుక్క రక్తం కారి ఆగిపోతుంది, నాకు ఆగలేదు. అప్పుడు కూడా ఎవరూ ఎందుకని అడగలేదు. ఏడేళ్ళ తర్వాత నెలనెలా పోతోందని గర్భసంచి తీసేద్దాం అన్నారు. ఆపరేషన్ తారీఖు కూడా రాశారు. మా మేనత్త కొడుకు వెల్లూరు పెద్దాసుపత్రిలో పనిచేసేవాడు, ఒక్కసారి ఇక్కడ చూపించుకుని అప్పుడు తీయించుకో అప్పా అన్నాడు. అలా వెళ్తే తెలిసింది. నా లెవెల్ 24. మామూలుగా 50 పైన ఉండాలి. 30 కంటే తక్కువైతే జబ్బే. 30కీ 50కీ మధ్య ఉండి ఇలా రక్తం పోతున్నా అదే అంటారు.

గర్భసంచి ఇప్పటికీ నాతోనే ఉంది. దానికి ఏ జబ్బూ లేదు. మీ అమ్మగారికి 33 ఏళ్ళకే తీసేశారని చదివి చాలా బాధ వేసింది. దేశంలో ఈ ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్ళు బాగా ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటి. వాళ్ళలో ఎంతమందికి గడ్డకట్టే పరీక్ష ఒక్కటైనా చేశారో.

ఇక నీకు పనికొచ్చేవి. పాప కడుపునొప్పికి రాసిన మాత్ర ఏదో చీటీ తీసి చూడు. మెఫెనమిక్ యాసిడ్, ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్, యాస్ప్రిన్ వీటిలో ఏది ఉన్నా వెంటనే ఆ డాక్టరమ్మకి చెప్పు. అవి ప్లేట్‌లెట్ల పనిని కూడా ఆపేస్తాయి. నొప్పికి పారాసెటమాల్ వాడొచ్చు. రక్తం తగ్గడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తారు, మంచి మందు, నేనూ వాడాను. కానీ మందుల షాపులో అడిగితే పేరు చివర ఎం.ఎఫ్. అని ఉన్నది చేతిలో పెడతారు. అందులో మెఫెనమిక్ కలిసి ఉంటుంది. నేను రెండేళ్ళు తెలియక అదే మింగాను. అట్ట వెనక చదువు, చదవలేకపోతే పాపతో చదివించు.

ఊళ్ళో ఆర్ఎంపీ చేత నడుముకి ఇంజక్షన్ వేయించొద్దు. కండలో సూది వేస్తే లోపల రక్తం కారి చేరి వాస్తుంది, నాకు ఒకసారి పది రోజులు కాలు ఎత్తడానికి రాలేదు.

మాది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉండే ఉద్దానం వైపు. మా నాన్న కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉన్నాడు. ఎవరైనా మా వైపు వాళ్ళు ఇది చదువుతుంటే, ట్రానెక్సామిక్ మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా ఉందో చెప్పే రక్త పరీక్ష) చూపించుకోండి. కిడ్నీ బాగోకపోతే ఆ మందు మోతాదు తగ్గించాలి.

నాకు ఎనిమిదేళ్ళ నుంచి హార్మోను ఉన్న లూప్ లోపల ఉంది. ఇప్పుడు నెలకి రెండు రోజులు మరకలా కనిపిస్తుంది, అంతే. మీ పాప చిన్నది కాబట్టి మాత్రలతో మొదలుపెడతారేమో, అది డాక్టరమ్మ చూసుకుంటుంది. మూడేళ్ళ కిందట జ్ఞాన దంతం తీసేముందు డెస్మోప్రెసిన్ ఇచ్చారు. ఒంట్లో దాచుకున్న జిగురుని అది రక్తంలోకి వదిలిస్తుంది. అది వేసిన రోజు నీళ్ళు కొలిచి తాగాలి, ఎక్కువ తాగితే రక్తంలో ఉప్పు పడిపోతుంది. అందరికీ పనిచేయదు, ముందు ఒకసారి వేసి చూస్తారు.

పాపతో ఒక నోటు పుస్తకం పెట్టించు. ఏ రోజు ఎన్ని మార్చింది, ఎంత తడిసింది, గడ్డ ఎంత పడింది అని రాయమను. కొంచెం మరకకి 1, సగం తడిస్తే 5, నిండా తడిస్తే 20 అని వేసి కలపాలి. నెల మొత్తం 100 దాటితే ఎక్కువ పోతున్నట్టు. "బాగా పోతోందండీ" అని నేను పదేళ్ళు చెప్పాను, ఎవరూ వినలేదు. 340 అని రాసిన కాగితం పెడితే విన్నారు.

ఇంకొక్క మాట, మీ అత్తగారి గురించి. ఆవిడ మీద కోపం పెట్టుకోకు. కానీ మీ అమ్మా, మీ మామగారూ ఒక కడుపున పుట్టినవాళ్ళు కదా. అది మీ అమ్మకి ఉంటే మీ మామగారికీ, ఆయన నుంచి మీ ఆయనకీ వచ్చి ఉండొచ్చు. మీ ఆయనకి పళ్ళు తోముకుంటే రక్తం వస్తుందేమో ఒకసారి అడుగు.

జవాబు 2: విజయనగరం ల్యాబ్‌లో పనిచేస్తాను

అమ్మా, నమస్కారం. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, డాక్టర్ని కాదు. శాంపిల్ గురించి మాత్రం చెప్తాను, ఎందుకంటే ఈ పరీక్ష అక్కడే ఎక్కువ చెడిపోతుంది.

దీనికి నీలం మూత ఉన్న గొట్టంలో రక్తం తీయాలి. అందులో సిట్రేట్ మందు ఉంటుంది. గీత వరకూ సరిగ్గా నిండాలి, తక్కువ తీస్తే లెక్క తప్పుతుంది. తీసిన రక్తాన్ని ఐసులో పెట్టి విశాఖ పంపకూడదు. మామూలుగా అన్ని శాంపిళ్ళూ ఐసు డబ్బాలో వెళ్తాయి, ఇదీ అందులోనే వేసేస్తారు. నిండు రక్తం చల్లబడితే ఈ ప్రొటీన్ తగ్గిపోయి లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. నాలుగు గంటల లోపల ప్లాస్మా (రక్తంలోని పసుపు నీరు) వేరుచేసి, దాన్ని ఫ్రీజర్‌లో ఐసులా బిగిసేలా చేసి పంపాలి. అంతకంటే మంచిది, మీరే విశాఖ బస్సెక్కి వెళ్ళి పరీక్ష చేసే చోటే రక్తం ఇవ్వండి.

ఇంకొకటి. పి.టి., ఏ.పి.టి.టి. అనే మామూలు గడ్డకట్టే పరీక్షలు, ప్లేట్‌లెట్ల లెక్క అన్నీ బాగున్నా ఈ జబ్బు ఉండొచ్చు. "అన్నీ నార్మలే" అని రిపోర్టు చేతికొస్తే ఆగిపోకండి. జ్వరం, భయం, బాగా రక్తం పోయిన రోజులు, ఈస్ట్రోజన్ మాత్రలు, గర్భం, వీటన్నిట్లో లెవెల్ పెరుగుతుంది. అందుకని ఒకసారి బాగుందని వచ్చినా డాక్టరు మళ్ళీ చేయించమంటారు. డబ్బుల కోసం అనుకోవద్దు. బ్లడ్ గ్రూప్ 'ఓ' ఉన్నవాళ్ళకి పుట్టుకతోనే కొంచెం తక్కువ ఉంటుంది, అది కూడా చూసి చెప్తారు.

ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూసే పరీక్ష) కూడా రాయించుకోండి. రక్తం ఎక్కించాక హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనిపిస్తుంది కానీ ఒంట్లో ఐరన్ నిల్వ ఖాళీగానే ఉంటుంది. పిల్ల మెట్లెక్కి ఆయాసపడటం, చదివింది గుర్తుండకపోవడం, బియ్యం నమలడం లాంటివి ఉంటే అది కారణం కావొచ్చు.

జవాబు 3: నరసన్నపేట, బాబు తల్లి

మా బాబుకి హీమోఫిలియా, ఎనిమిదో ఫ్యాక్టర్ తక్కువ. ఆడవాళ్ళకి ఇలాంటివి రావు, మీరు జబ్బుని పిల్లలకి అందించే వాహకులు మాత్రమే అని నాకు పదేళ్ళు చెప్పారు. బాబుకి మోకాలు వాచి విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు ఒక డాక్టరుగారు, తల్లి లెవెల్ ఎప్పుడైనా చూశారా అని అడిగారు. చూస్తే నాది 32 శాతం. 40 లోపు ఉంటే ఆడదానికైనా హీమోఫిలియా ఉన్నట్టే లెక్క అన్నారు. బాబు పుట్టినప్పుడు నాకు ఎందుకు అంత పోయిందో అప్పుడు అర్థమయింది. బాబు పేరు మీద ఫైలు ఉంది, బాబుకి ఫ్యాక్టర్ మందు ఉచితంగా వస్తుంది, నా పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు రాయించాను.

మీ పాపకి వాన్ విల్లెబ్రాండ్ కాకపోయినా ఆగిపోకండి. ఫ్యాక్టర్లలో వేరేవి తక్కువ ఉండొచ్చు, ప్లేట్‌లెట్లు లెక్కకి సరిపడా ఉండి పని చేయకపోవచ్చు. ఆ అరుదైన రకాలు మేనరికాల్లో ఎక్కువ కనిపిస్తాయని మాకు చెప్పారు.

మీకు పదకొండో రోజున పోయింది అన్నారు కదండీ. గర్భంతో ఉన్నప్పుడు లెవెల్ దానంతటదే పెరిగి కానుపు బాగానే జరిగిపోతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో పడిపోతుంది. అందరూ ఇంటికి పంపేశాక, బాలింతరాలు మంచం మీద ఉండగా మొదలవుతుంది. మా చెల్లికీ నాలాగే లెవెల్ తక్కువ. ముందే తెలుసు కాబట్టి కానుపయ్యాక ఇంటికి పంపేటప్పుడే ట్రానెక్సామిక్ మాత్రలు ఇచ్చి పంపారు. ఏమీ కాలేదు.

సంబంధాల సంగతి. మా చెల్లి పెళ్ళికి ముందే మగపెళ్ళివాళ్ళకి చెప్పాం. ఒక సంబంధం వెనక్కి వెళ్ళింది, నిజమే, ఆ రోజు అమ్మ అన్నం తినలేదు. రెండోవాళ్ళు, చెప్పారు కాబట్టి కానుపు ఎక్కడ చేయించాలో ముందే చూసుకుంటాం అన్నారు.

బొబ్బిలి అమ్మ, ఆరు వారాల తర్వాత

అందరికీ దండాలు. ఇన్నాళ్ళకి రాస్తున్నాను.

నొప్పి మాత్ర చీటీ తీసి చూశాను అక్కా. మెఫెనమిక్కే. ఆపేశాం. డాక్టరమ్మకి చూపిస్తే తలపట్టుకుంది.

విశాఖ మేమే వెళ్ళాం, నేనూ పాపా మా వారూ. నీలం మూత గొట్టం గీత దాకా నిండిందో లేదో నేను వంగి చూస్తుంటే అక్కడి అమ్మాయి ఆశ్చర్యపోయింది. పాపకి 19 వచ్చింది. నాకు 36. ఏ రకమో తేల్చడానికి ఇంకో పరీక్ష ఉంది, పాపకి మళ్ళీ ఒకసారి కూడా చేస్తారట. మా వారిది ఇంకా రాలేదు. బస్సులో వస్తుంటే ఆయన, "నాకు చిన్నప్పుడు ముక్కు కారితే అమ్మ ఉల్లిపాయ వాసన చూపించేది, గంట దాకా ఆగేది కాదు" అన్నారు. పదిహేనేళ్ళ కాపురంలో ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. ఇంటికొచ్చాక అదే మాట వాళ్ళమ్మ ముందు కూడా అన్నారు. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పాపకి బెల్లం వేసి నువ్వుండలు చేసింది.

ఈ నెల పాపకి మొదటి రోజు నుంచే ట్రానెక్సామిక్ ఇచ్చాం, హార్మోను మాత్ర కూడా నడుస్తోంది. 6 రోజులకి ఆగింది. పుస్తకంలో లెక్క 130 వచ్చింది, ఇంకా ఎక్కువే, కానీ రాత్రిళ్ళు లేపలేదు. ఐరన్ సెలైన్‌లో ఎక్కించారు. స్కూల్లో క్లాస్ టీచరుగారికి నేనే వెళ్ళి చెప్పాను, అడగకుండా బయటికి వెళ్ళనివ్వమని. ఆవిడ తలుపు పక్క బల్లకి మార్చారు.

మా అమ్మకి ఇప్పుడు 61. ఫోనులో అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే నా సంచి బాగానే ఉండేదా?" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు, తెలియదమ్మా అన్నాను. వచ్చే బుధవారం తనకి రెండు పళ్ళు తీయించుకోవాలి, డబ్బు కూడా కట్టేసింది. పళ్ళ డాక్టరుకి ఫోన్ చేసి తారీఖు మార్పించాను. ముందు అమ్మని కూడా విశాఖ తీసుకెళ్తాను.

పలాస అక్కా, ఆ డెస్మోప్రెసిన్ వేసినప్పుడు నీళ్ళు ఎంత తాగమన్నారో, 61 ఏళ్ళవాళ్ళకి వేస్తారో లేదో మీ డాక్టరుని ఒకసారి అడిగి చెప్పగలరా? అమ్మకి బీపీ కూడా ఉంది.